విక్రమార్కుడు ఇల్లు చేరేదెప్పుడు?

బాపట్ల నుంచి రేపల్లెలోని మా పుట్టింటికి రైల్లో వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలి. మొన్న సెలవులకి అలాగే దిగి, రేపల్లె బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. కిందటిసారి అమ్మమ్మ ట్రంకుపెట్టెలోంచి తెచ్చుకున్న పాత చందమామలు తిరిగి ఇచ్చేయాలని మా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి పుస్తకం మూసి, “అమ్మా! ఈ రాజుగారు ఎప్పుడైనా ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకుంటాడా?” అంది.

నవ్వేశాను గానీ, బండి వేమూరు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆ ప్రశ్న పుట్టాల్సింది తెనాలిలోనే లెండి. 1947 జూలైలో నాగిరెడ్డి గారితో కలిసి చందమామను మొదలుపెట్టిన చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. అన్నేళ్ళు అంత పని చేసినా సంపాదకుడిగా ఆయన పేరు పత్రికలో వేయలేదు. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ లాంటి సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరూ అంతే. అయితే దాసరి గారి వీరులు ఎన్ని లోయల్లో పడ్డా, ఎందరు మాంత్రికుల చేత చిక్కినా, ఏడాదికో రెండేళ్ళకో గెలిచి ఇల్లు చేరేవారు. చక్రపాణి గారి విజయా సంస్థ 1951లో తీసిన పాతాళభైరవిలో తోటరాముడు కూడా మాంత్రికుణ్ణి బలిచ్చి రాకుమారిని పెళ్ళాడాడు. ఎటొచ్చీ విక్రమార్కుడికే దిక్కులేకపోయింది. శంకర్ గారు గీసిన ఆ బొమ్మ గుర్తుందిగా? ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. 2013లో పత్రిక ఆగిపోయేదాకా ఆ రాజు నడుస్తూనే ఉన్నాడు. నేను చదివిన ఏ సంచికలోనూ ఆయన శ్మశానం గేటు దాటగా చూడలేదు.

ఇంతకీ ఆ కథకి ముగింపు లేదా అంటే, ఉంది. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఊరు మన గోదావరి ఒడ్డునున్న ప్రతిష్ఠానం. ఒక భిక్షువు ఏళ్ళ తరబడి రోజుకో పండు తెచ్చి ఇస్తాడు. ప్రతి పండులోనూ ఒక రత్నం. ఆ మొహమాటానికి రాజు మాటిచ్చి, చెట్టు మీది శవాన్ని తేవడానికి ఒప్పుకుంటాడు. దారిలో శవంలోని బేతాళుడు కథ చెప్పి, చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే ఆయన ఓడిపోతున్నది తప్పు చేసి కాదు, ప్రతిసారీ సరైన జవాబు చెప్పి.

చివరికి ఒక ప్రశ్న వస్తుంది. తండ్రీ కొడుకులు కలిసి ఒక తల్లినీ కూతురినీ పెళ్ళాడతారు. తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని. మరి వాళ్ళకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకి నిజంగానే తెలియలేదు. తెలియదు కాబట్టి ఊరుకున్నాడు. (తెలియని విషయంలో ఊరుకోగలిగిన మగవాడికి ఆ ఒక్కందుకే రాజ్యం ఇవ్వొచ్చని నా ఉద్దేశం.) అప్పుడు బేతాళుడు సంతోషించి అసలు సంగతి చెప్పేశాడు. ఆ భిక్షువు బలి ఇవ్వాలనుకుంటున్నది నిన్నేనయ్యా, సాష్టాంగపడమంటాడు, నాకు అలవాటు లేదు, మీరు చేసి చూపండి అను, అన్నాడు. రాజు అలాగే అని, భిక్షువు తలే తీశాడు. ఇదంతా ఒక్క రాత్రి కథ. తెల్లవారేసరికి ఆయన తన ఊళ్ళో ఉన్నాడు.

వరం కోరుకోమంటే ఆ రాజు ఏమడిగాడో తెలుసా? ఈ కథలు లోకంలో పేరు పొందాలని! ఆ వరమే ఆయన మెడకి చుట్టుకుంది. పాతిక కథలూ అయిపోయాక కూడా, ఎక్కడెక్కడి కథలో తెచ్చి బేతాళుడి నోట పెట్టి, ఒక్క రాత్రిని మనం దశాబ్దాలకు సాగదీశాం.

నేనూ కథలు రాస్తాను కాబట్టి ఇందులో సంపాదకుల ఇబ్బంది నాకు తెలుసు. ఓర్చుకునే పాత్ర దొరికితే కథకుడికి అంతకన్నా సుఖం లేదు. ఎంత బరువైనా వేయొచ్చు. నా కథల్లో ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్ళని నేనూ అలాగే వదిలేశాను. పాఠకులు కంటతడి పెట్టుకుని మెచ్చుకున్నారు కూడా. ఇప్పటి టీవీ సీరియళ్ళ సంగతి సరేసరి. వందల ఎపిసోడ్లు ఏడిచినా ఆ కోడలికి పూటైనా తెరిపి లేదు. “ఆవిడ ఓపికకి దండం పెట్టాలి” అంటాం చూడండి, దండం పెడతామే గానీ ఆవిడ నెత్తిమీది బరువుకి చెయ్యి వేయం. విక్రమార్కుణ్ణి ‘పట్టువదలని’ అని పొగడటం కూడా అలాంటిదే. వదిలితే మనకి వచ్చే నెల కథ ఉండదు మరి.

అందుకే ఆ రాజుకి మంచి ముగింపు దక్కాల్సిందే అంటాను. కష్టపడ్డాడని జాలిపడి కాదు. జవాబు చెబితే మళ్ళీ మొదటికొస్తుందని తెలిసి కూడా ఒక్కసారైనా తప్పు చెప్పలేదు, అందుకు. విద్యాధర చక్రవర్తివి అవుతావని శివుడు కూడా దీవించాడట గానీ, అదంతా ఎవరికి కావాలి? పిల్ల అడిగిన స్నానమూ, నిద్రా చాలు.

ఆ రాత్రి రేపల్లెలో మా అమ్మాయికి కథంతా చివరిదాకా చెప్పాను. వంటింటి గడపలో కూర్చుని మా అమ్మా విన్నది.

“మా చిన్నప్పట్నించీ చదువుతున్నాం, ఇది తెలియనేలేదు. ముందే చెప్పేసి ఉంటే నువ్వు నెలనెలా పుస్తకం కోసం అంత పేచీ పెట్టేదానివా?” అంది.

అదీ నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

“రాజుగారు పడుకున్నాడు, నువ్వూ రా అమ్మమ్మా” అని పిలిచింది మా అమ్మాయి.

“ఆ నాలుగు గిన్నెలూ కడిగేసి వస్తానే” అంది అమ్మ, గడప పట్టుకుని లేస్తూ.