అంగారకుడి నుంచి కబురు

మా పుట్టింట్లో ఈసీ టీవీ ఉండేది. ఆదివారం సినిమా మొదలయ్యే వేళకే బొమ్మంతా చుక్కలు! నాయన మిద్దెక్కి యాంటెన్నా తిప్పేవాడు. నేను కిటికీ దగ్గర నిలబడి "ఇంకొంచెం... ఆ, అట్లే పట్టుకో నాయనా!" అని కర్నూలంతా వినబడేట్టు అరిచేదాన్ని.

ఆ టీవీ చేసిన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళే మన అంతరిక్ష నౌకలతో మాట్లాడే పెద్ద యాంటెన్నా కూడా చేశారని తెలిసి భలే సంతోషమేసింది. బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బ్యాలాలు అనే ఊళ్ళో ఉందది. చంద్రయాన్-1 కోసం 2008లో సిద్ధం చేశారు. 32 మీటర్ల వెడల్పు గిన్నె, అంటే 105 అడుగులు! పట్టాల మీద చక్రాలతో తిరుగుతూ, నౌక ఎటుంటే అటు ముఖం పెడుతుంది.

అంత పెద్దది ఎందుకంటారా? మన సీమలో నాలుగు చినుకులు పడితే చెంబు పెడతామా? ఇంట్లో ఉన్న వెడల్పాటి బేసిను పెడతాం గదా! కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చేసరికి రేడియో తరంగం బాగా పలచబడిపోతుంది. దాన్నంతా పట్టి ఒకచోటికి చేర్చాలంటే గిన్నె పెద్దదే కావాలి.

2014 సెప్టెంబరు 24 ఉదయం సంగతి వినండి. మంగళయాన్ అంగారకుడి చుట్టూ తిరగాలంటే, పది నెలలుగా ఆపి ఉంచిన ఇంజను 24 నిమిషాలు మండి వేగం తగ్గించాలి. లేకపోతే నౌక దాటిపోతుంది. దూరం 22 కోట్ల కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయినా, ఒకవైపు చేరడానికే పన్నెండున్నర నిమిషాలు. అక్కడ తప్పు జరిగితే ఇక్కడ తెలిసేసరికే ఆలస్యం. అందుకని ఎప్పుడేం చెయ్యాలో కొన్ని రోజుల ముందే దానికి చెప్పి పెట్టారు.

మా అమ్మాయిని హాస్టల్లో దింపేటప్పుడు నేనూ ఇంతే. జ్వరమొస్తే ఏ మాత్ర, కడుపునొప్పి వస్తే ఏమిటి అని చీటీ రాసి పెట్టెలో పెట్టాను. "ఫోనుంది కదమ్మా" అని నవ్వింది. ఎత్తితే గదా!

ఇంజను మండుతుండగానే నౌక అంగారకుడి చాటుకు పోయింది. ఇక మాటా పలుకూ లేదు. పైగా ఆ వేళకు అంగారకుడు మన ఆకాశంలో ఉదయించనే లేదు. మనం ఊరెళితే పక్కింటామె మన ఉత్తరం తీసిపెట్టినట్టు, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గరున్న నాసా యాంటెన్నా ఆ కబురు అందుకుని మనకు చేరవేసింది. పట్టుచీరలు కట్టి, పూలు పెట్టుకున్న ఇస్రో ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఆనాటిదే.

ఆరు నెలలకని పంపిన మంగళయాన్ ఏడున్నరేళ్ళు పలికింది. 2022 ఏప్రిల్లో పెద్ద గ్రహణం నీడలో పడ్డాక మళ్ళీ పలకలేదు.