ఇల్లాలి ముచ్చటలు: గుడారములో పడక



మాఘమాసపు ఎండలకు తగిన వడియములను గూర్చి వ్రాసెదనని పోయిన నెల మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. ఈ చలికాలమంతయు మా యింట వడియములకంటె నెక్కువగా చర్చింపబడినది ఒక చాప. ఆ చర్చలో నేను తెలిసికొన్న సంగతులు పిల్లలను విహారములకు పంపు తల్లులకు అక్కరకు వచ్చునని తోచి, వానినే ముందుగా వ్రాయుచున్నాను. ఎండ లెక్కడికిని పోవు.

మావారు పనిచేయు పాఠశాలవారు ఏటేట పుష్యమాసమున పిల్లలను అరకులోయకు తీసికొనిపోయి, మూడు రాత్రులు గుడారములలో నుంచి, చెట్టు చేమలను, పక్షులను చూపించి తీసికొనివత్తురు. నిరుడు మా పెద్దవాడు వెళ్ళెను. వానికి మంచి రగ్గును, ఉన్ని స్వెట్టరును, తలకు మఫ్లరును సర్ది, క్రింద పరచుకొనుటకు మా పాత పత్తిబొంతను చుట్టి యిచ్చితిని. మొదటి రాత్రియే నేలనుండి చెమ్మ యెక్కి బొంత తడిసినది. రెండవ రాత్రి ఆ తడిబొంతపై పండుకొనలేక వాడు తెల్లవారుదాక మోకాళ్ళు కౌగిలించుకొని కూర్చుండెనట. ఇంటికి వచ్చిన పిదప పది దినములు దగ్గు. ఆ దగ్గు చలివలననే వచ్చెనో, ఒకరినుండి యొకరికి అంటినదో వైద్యునకు తెలియవలెను. మా అత్తగారికి మాత్రము సందేహము లేదు.

ఈ యేడు మా అమ్మాయి వంతు వచ్చినది. ఎనిమిదవ తరగతి చదువుచున్నది. "మగపిల్లవాడే తట్టుకొనలేకపోయెను. ఆడపిల్లను ఆ మంచులో మన్నుమీద పండబెట్టుదురా, అమ్మాయీ?" అని అత్తగారు నన్నడిగిరి. తల్లికి ఎదురు చెప్పుట మావారికి అలవాటు లేదు. పిల్ల రెండు పూటలు అన్నము ముట్టలేదు.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా తాతగారు వసారాలో కూర్చుండబెట్టి చెప్పిన రామాయణ భారతములే నా చదువు. చిత్రకూటమును, దండకారణ్యమును శ్లోకములలో చూచితినేగాని, ఒక్క రాత్రియైనను చెట్ల నడుమ గడిపి యెరుగను. నా పదమూడవ యేట మా యూరి పిల్లలు బడివారితో నాగార్జునకొండకు పోవుచుండగా గుమ్మములో నిలువబడి చూచితిని. అందుచే పిల్లను ఆపుటకు నాకు మనసొప్పలేదు. పంపి, మరల తడిబొంతపై పండబెట్టుటకును ధైర్యము చాలలేదు. "క్రింద పడక సంగతి తేలినచో పంపుదురా?" అని అత్తగారి నడిగితిని. "తేల్చి చూపుము, పిమ్మట మాటలాడుదము" అనిరి. అంతమాత్రమే చాలునని పనికి పూనుకొంటిని.

నిరుటి పొరపాటు నాదే. చలి పైనుండియే వచ్చుననుకొంటిని. పైగాలికి రగ్గు అడ్డము. నేలకు మేను ఆనియే యుండును. వేడి గిన్నెను రాతిగచ్చుపై నుంచినచో ఎంత త్వరగా చల్లారునో, దానినే పీటపై నుంచినచో ఎంతసేపు వేడి నిలుచునో వంటయింటిలో నిత్యము చూచుచునే యున్నాము. పండుకొన్న పిల్లయు నట్టి గిన్నెయే. బొంత పీట వంటిదే కదా యందురేమో. కాదు. వెచ్చదనమిచ్చునది దూది కాదు, దూదిలో చిక్కుకొని కదలక నిలిచిన గాలి. కప్పుకొన్న బొంత ఉబ్బియుండును గనుక గాలి నిలుచును. అదే బొంతను క్రింద పరచుకొన్నచో మన బరువునకు అణగి గాలి వెడలిపోవును. అది చాలక దూది చెమ్మను పీల్చును. అప్పుడు గాలియున్నచోట నీరు చేరును. నీరు నిశ్చలమైన గాలికంటె ఇరువది రెట్లకు మించి వేడిని లాగివేయును. కావున క్రింద పరచునది మన బరువునకు అణగిపోనిదియు, నీటిని పీల్చనిదియు నై, లోపల గాలిని బంధించి యుంచునది కావలెను.

ఈ మాట అత్తగారికి విన్నవింపగా ఆమె కొంతసేపు ఊరకుండి, "ఇది మాకు తెలియదా యేమి? కోటప్పకొండ తిరునాళ్ళకు బండిమీద పోవునప్పుడు మీ మామగారు ముందు రెండు మోపుల వరిగడ్డి పరచి, దానిపై చాప వేసి మమ్ము పండుకొనుమనెడివారు. ఆ వెచ్చదనమునకు దుప్పటియే అక్కరలేకపోయెడిది" అనిరి. శివరాత్రి జాగరణమునకు పోయి పండుకొంటిరా యని యడుగుటకు నాకు నోరు రాలేదు. కాని ఆమె చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజము. గడ్డిపుల్ల బోలుగా నుండును. పుల్లకును పుల్లకును నడుమ గాలి నిలుచును. శృంగిబేరపురమున ఇంగుదీవృక్షము క్రింద సీతారాములు పరుండిన గడ్డిపడకను గుహుడు భరతునకు చూపిన ఘట్టమును చదివి చిన్ననాడు నేను కన్నీరు పెట్టుకొన్నదానను. ఇప్పుడు ఆ గడ్డిని తలచుకొన్నచో దుఃఖముతోబాటు మరియొక యూహయు కలుగుచున్నది: వట్టి నేలపై మాత్రము వారు పరుండలేదు.

గడ్డి మోపులను రైలులో అరకునకు మోసికొనిపోలేము గనుక, ఒక ఆదివారము మావారును నేనును గుంటూరు పోయి అంగళ్ళు తిరిగితిమి. మొదట కనబడినవి యోగాసనములకు పరచుకొను చాపలు. రంగులు ముచ్చటగా నున్నవి. కాని నాలుగైదు మిల్లీమీటర్ల మందమే. జారకుండుటకు చేసినవి గనుక బరువెక్కువ, వెచ్చదనము తక్కువ. వీనిని చూచి మోసపోవలదు.

పిదప గాలి ఊది నింపు పెద్ద పరుపులు. నడుమునకు హాయిగా నుండునని నేను మురిసితిని. అయితే లోపల ఏమియు లేని ఆ పెద్ద సంచిలో గాలి నిలువదు. మేని ప్రక్క వేడెక్కి, నేల ప్రక్క చల్లబడి, లోలోపలనే తిరుగుచుండును. చలిరాత్రి దానిపై పండుకొన్నచో మెత్తగానే వణకవలసి వచ్చును. ఒక ముల్లు గ్రుచ్చుకొన్నదా, ఆ మెత్తదనమును లేదు. లోపల పొరలు కుట్టి గాలి తిరుగకుండ చేసిన తేలిక పరుపులును కలవుగాని, అవి మంచుకొండ లెక్కువారికి. వాని వెల బడిపంతులు గారి యింటికి కాదు.

మూడవ రకము తమంత తామే గాలి పీల్చుకొనునవి. లోపల స్పాంజి వంటి ఫోము నుండును. మూత తెరచినచో అది ఉబ్బి గాలిని తీసికొనును, మూసినచో నిలుపును. అమెరికాలోని సియాటిల్ నగరమున 1970 దశకపు తొలినాళ్ళలో, విమానముల కర్మాగారమున కొలువు పోయిన జిమ్ లీ, నీల్ ఆండర్సన్ అను ఇంజనీర్లు దీనిని చేసిరి. తోటపనిలో మోకాళ్ళ క్రింద వేసికొను ఫోము దిండును చూచి జిమ్ లీకి ఈ యూహ కలిగెనని చెప్పుదురు. కథ నాకు నచ్చినది, పరుపును నచ్చినది. వెల 4,000 రూపాయలని విని చేతిలోనిది మెల్లగా క్రింద పెట్టితిని.

చివరకు మిగిలినది చుట్టుకొను ఫోము చాప. ఇందులో గాలి బుడగలు వేటికవియే మూసుకొనియుండును గనుక నీరు చొరదు, ముల్లు గ్రుచ్చుకొన్నను చెడదు. ఒక మూలను నీటిలో ముంచి పిండి చూడుడు. నీరు కారినచో అది స్పాంజి, గుడారమునకు పనికిరాదు. కారనిచో, బొటనవ్రేలితో గట్టిగా నొక్కి విడువుడు. గుంట వెంటనే పూడవలెను. పైన వెండిరంగు రేకు అంటించి 150 రూపాయలు ఎక్కువ చెప్పిరి. ఒంటికి ఆనియున్న రేకువలన కలుగు మేలు మిక్కిలి స్వల్పము. ఆ డబ్బు మందమునకు పెట్టుట మేలు.

ఈ చాపలపై "ఆర్-విలువ" యని యొక అంకె వ్రాసియుండును. వేడిని క్రిందికి పోనీయక ఎంత అడ్డగించునో ఆ అంకె తెలుపును. ఎక్కువైన కొలది వెచ్చన. పూర్వము ఎవరికి తోచినట్లు వారు కొలిచెడివారు. 2018లో ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్3340 అను ప్రమాణము వచ్చినప్పటినుండి, దాని ప్రకారము కొలిచిన పరుపులను ఒకదానితో నొకటి పోల్చి చూచుకొనవచ్చును. వేసవి రాత్రులకు రెండునకు లోపు చాలును, చల్లని రాత్రులకు రెండునుండి నాలుగు, మంచునేలకు ఐదున్నరకు పైన. అరకులో పుష్యమాసపు రాత్రి పది డిగ్రీలకు దిగువకు పోవుట కలదు గనుక మనకు రెండవ తరగతి కావలెను. ఒక సెంటీమీటరు మందముగల ఫోము చాపకు ఒకటిన్నర ప్రాంతమున నుండును. ఇందు మన పాలిటి వరమేమనగా, ఈ అంకెలు కూడికకు లొంగును. ఒకదానిపై నొకటి రెండు పరచినచో మూడు ప్రాంతమున వచ్చును.

ఆ అంగడిలో ఒక్క చాప 600 రూపాయలు. రెండు కొన్నచో 1,200. మా అమ్మాయికి ఎట్లో కొనవచ్చును. కాని మావారు దిగులుగా, "32 మంది పిల్లలలో 11 మంది ఒక్క చాపయు కొనలేరు. నిరుడు వారు గోనెపట్టాలమీద పండుకొనిరి" అనిరి. ఆ మాట నిరుడు నాకు చెప్పలేదు. మావాని దగ్గుతోనే నాకు ఆ పది దినములు సరిపోయినవి.

తిరుగుదారిలో ప్యాకింగు సామాను దుకాణము ముందు ఆగితిమి. రిఫ్రిజిరేటరు కొన్నప్పుడు చుట్టు తెల్లని పొర చుట్టి యిత్తురు గదా, అదే ఫోము, అక్కడ మీటరు వెడల్పున పెద్ద చుట్టలుగా నున్నది! పలుచనిదియు మందమైనదియు, మెత్తనిదియు గట్టిదియు కలదు. నీటి పరీక్షయు బొటనవ్రేలి పరీక్షయు అచ్చటనే చేసితిని. దుకాణదారు నవ్వినను చేసితిని. సెంటీమీటరు మందము గలదానిలో గట్టి రకమును మీటర్ల లెక్కన కోయించి, నిలువునకు రెండుగా చీల్చినచో ఒక్కొక్కటి 50 సెంటీమీటర్ల వెడల్పు, 180 పొడవు గల పడక యైనది. ఒక్కొక్కరికి రెండేసి పొరలు, ఖర్చు 170 రూపాయలు. రెండు పొరలును కలిపి మా వంటింటి త్రాసుపై అరకిలో కొంచె మటునిటు తూగినవి. నిరుటి బొంత నాలుగు కిలోలు.

అయినను పరీక్షింపక పంపరాదని, ఆ రాత్రి నేనే డాబామీద పరచుకొని పండుకొంటిని. చలి తెలియలేదు. ప్రక్కకు తిరిగి పండుకొన్నప్పుడు మాత్రము తుంటియెముక నొచ్చినది. తుంటి క్రింద మడచిన చీర నొకదానిని పెట్టుకొనగా సర్దుకొన్నది. రెండు పొరలు ఒకదానిపై నొకటి జారుచుండుట చూచి, తెల్లవారి పాత నూలు దుప్పటితో గలీబు కుట్టితిని. ఒంటి చెమటకును అది మంచిది. మరునాటి మధ్యాహ్నము అత్తగారు ఎవరును లేరనుకొని దానిపై నడుము వాల్చి, నిద్రపోయిరి. లేచిన పిమ్మట, "పిల్లకు ఉన్ని మేజోళ్ళు కూడ కొనుడు" అనిరి. అనుమతి అట్లు వచ్చినది.

పిల్లలందరును పోయివచ్చిరి. మా అమ్మాయికి మూడు రాత్రులును నిద్ర పట్టినదట. ఉదయమున గుడారపు లోగుడ్డకు మంచుచెమ్మ పట్టినను, చాపను చేతిగుడ్డతో తుడిచినచో చాలినదట. లోపము లేకపోలేదు. మూడవ నాటికి తుంటి ఆనుచోట పై పొర కొంత అణగినది. అంగడిలో అమ్ము చాపలంత కాలము ఇది రాదు. రెండు మూడు యాత్రలకు వచ్చినను ఆ వెలకు నష్టము లేదు. ఒక పిల్లవాడు చలిమంట ప్రక్కకు తన చాపను ఈడ్చుకొనిపోగా నిప్పురవ్వ పడి అరచేయి యంత కన్నము పడినది. ఇది సులభముగా అంటుకొను వస్తువు. మంటకును కొవ్వొత్తికిని దూరముగా నుంచవలెనని పిల్లలకు ముందుగనే గట్టిగా చెప్పవలసినది; నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చిన పిదప తడి తుడిచి, నీడలో ఆరబెట్టి, వదులుగా చుట్టి అటుకపై పెట్టుడు. ఎండలో నెలల తరబడి విడిచినచో పొడియై రాలును. బరువులు పైన పెట్టవలదు.

మా అమ్మాయి చాపలో ఒక పొర మాత్రమే అటుకమీద నున్నది. రెండవదానిని అత్తగారు వీధి అరుగుమీద పరచుకొని మధ్యాహ్నపు కునుకు తీయుచున్నారు. వచ్చు ఏటికి దానిని తిరిగి యడుగుటకు పిల్లకును ధైర్యము లేదు, నాకును లేదు. ఇంకొక రెండు మీటర్లు ఇప్పుడే కోయించి తెచ్చెదనని మావారు అనుచున్నారు.