ఆలస్యంగా వచ్చిన రైలును తిట్టకండి

సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు నన్నో ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, ఢిల్లీలో మా రైలు బయలుదేరడమే తొమ్మిది గంటలు ఆలస్యమైందండీ. వాన లేదు, వరద లేదు. ఉత్త మంచుకే రైళ్లు ఆగిపోతాయా? మన ఊళ్లోనూ మంచు కురుస్తుంది కదా, సైకిళ్ల మీద బడికి వస్తూనే ఉన్నాం!" వాళ్ల నాన్నగారు ప్లాట్‌ఫారం మీద రైల్వేవారిని బాగా తిట్టారట.

ప్రశ్న మంచిదే. తికమక మాత్రం కుర్రవాడిది కాదు, మన మాటది. 'మంచు' అన్న ఒక్క మాటతో మనం ఎన్నింటినో పిలుస్తాం. తెల్లవారుజామున గరిక మీద మెరిసే నీటిబొట్టూ మంచే. పొలాల మీద తెరలా పరుచుకునేదీ మంచే. కాశ్మీరులో దూదిపింజల్లా రాలేదీ మంచే. మొదటిది ఎవరి ప్రయాణాన్నీ ఆపదు. తక్కిన రెండూ ఆపుతాయి, ఒక్కోటి ఒక్కో పద్ధతిలో.

శీతకాలం దేశమంతటికీ వస్తుంది గాని, అంతటా ఒకేలా రాదు. కాశ్మీరులో డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల గడ్డు చలికి 'చిల్లై కలాన్' అని పేరే ఉంది. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో, సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న జోజిలా కనుమ మంచుతో పూడుకుపోతుంది. అక్కడి జనం చలికి ముందే బియ్యం, పప్పు, కట్టెలు నిలవ చేసుకుంటారు. మనాలీకి ఆవల ఉన్న లాహుల్ లోయ కూడా ఏటా నెలల తరబడి ఇలాగే తెగిపోయేది. 2020లో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఇక దక్షిణాన చెన్నైలో చలికాలం మొదలయ్యేదే వానతో. ఈశాన్య ఋతుపవనాలు డిసెంబరు దాకా అక్కడే ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందురోజు, చెన్నై విమానాశ్రయం నీట మునిగి మూతపడింది. ఒకచోట మంచు, ఒకచోట నీరు. కాలెండరులో నెల మాత్రం ఒకటే!

మన కుర్రవాడి రైలును ఆపింది ఈ రెండూ కావు, పొగమంచు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలని రాత్రి నేల తనలోని వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని అంటుకుని ఉన్న గాలి కూడా చల్లబడి, తనలోని ఆవిరిని ఇక పట్టి ఉంచలేదు. ఆ ఆవిరి గాలిలోని సన్నని ధూళి, పొగ రేణువుల చుట్టూ చేరి బొట్లు కడుతుంది. పంజాబు నుంచి బీహారు దాకా ఉన్న మైదానంలో ఇందుకు కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉంటుంది: తడి నేలలు, సాగునీటి కాలువలు, గాలి వీచని రాత్రులు, కావలసినంత పొగ. మన దగ్గర ఎండ ఎక్కగానే తెర విడిపోతుంది. అక్కడ ఒక్కోసారి రోజుల తరబడి విడిపోదు.

కిలోమీటరు దూరం లోపలి వస్తువులే కనబడితే దాన్ని పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపైతే దట్టమైనది. 50 మీటర్ల లోపైతే మరీ దట్టమైనది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే రైలు బ్రేకు వేశాక నిలబడడానికి కిలోమీటరుకు అటూ ఇటూగా పడుతుంది. సిగ్నలు దగ్గర పడిందని తెలియడానికి పట్టాల మీద చిన్న టపాకాయ వంటి డిటోనేటరు పెట్టడం పాత పద్ధతి. ఇంజను చక్రం కింద అది 'ఢాం' అంటుంది. రాబోయే సిగ్నలు ఎంత దూరంలో ఉందో ముందే చెప్పే పరికరాలు ఇప్పుడు ఇంజనులో ఉన్నాయి. అయినా వేగం తగ్గించక తప్పదు. ముందు రైలు నెమ్మదిస్తే వెనక రైళ్లన్నీ వరస కట్టాల్సిందే. ఆ తొమ్మిది గంటలు ఎవరి బద్ధకమూ కాదు.

ఈ సంగతి నాకు పుస్తకంలో కంటే రోడ్డు మీద బాగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం జనవరిలో పిల్లలను అరకు విహారయాత్రకు తీసుకువెళ్లాం. హోటలు ఖర్చు కలిసి వస్తుందని అర్ధరాత్రి దాటాక బయలుదేరాం. గోదావరి దాటిన కొంతసేపటికి ముందు లారీ వెనక దీపం కూడా కనబడలేదు. డ్రైవరు బస్సును రోడ్డు దింపి, టీకొట్టు పక్కన ఆపేశాడు. "ఇలా అయితే ఎప్పటికి చేరతామయ్యా? పెద్ద లైట్లు వేసి పోనివ్వు" అని గదమాయించాను. "పెద్ద లైటు వేస్తే ఎదురుగా పాలగోడే కనబడుద్దండీ మాస్టారూ. కనబడనప్పుడు పోనివ్వడం నావల్ల కాదండీ" అన్నాడు. పిల్లలు వింటున్నారు. కాంతి పరిక్షేపణం పాఠం చెప్పిన మాస్టారుకు బొట్లు వెలుగును వెనక్కి కొడతాయని డ్రైవరు చెప్పవలసి వచ్చింది! మూడు గంటలు అక్కడే ఉన్నాం.

ఆ ఉదయమే పిల్లల చేత లెక్క చేయించాను. మీరూ చేయండి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు. అడ్డు కనబడి కాలు బ్రేకు మీద పడేలోగా సెకనున్నర పోతుందనుకుందాం. అంటే 33 మీటర్లు. తర్వాత వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గితే ఆగడానికి ఇంకో 49 మీటర్లు. మొత్తం 82. కనబడే దూరమేమో 50! అదే 40 కిలోమీటర్ల వేగమైతే 17, 12 కలిపి 29 మీటర్లు. వేగం సగమైతే బ్రేకు దూరం పావువంతుకు పడిపోవడం గమనించారా?

అందుకే నా అభిప్రాయం ఒకటే. డిసెంబరు, జనవరి నెలల్లో ఏ బడి బస్సూ రాత్రి రెండుకూ ఉదయం ఎనిమిదికీ మధ్య రోడ్డు మీద ఉండకూడదు. ఇందులో కష్టం ఉంది, కాదనను. రాత్రి ప్రయాణం చేస్తే ఒక పూట బస ఖర్చు తప్పుతుంది. వందా రెండు వందలు కూడా కూడబెట్టి ఇచ్చే తల్లిదండ్రులు మా ఊళ్లో ఎక్కువ. అయినా ఆ మిగులు కోసం పెట్టే పణం బస్సులో ఉన్న పిల్లలే.

ఈ ఏడు మా బస్సు ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరుతుందని నోటీసు బోర్డు మీద పెట్టాను. "ఒక రోజంతా దండగ కదండీ" అంటూ ఇద్దరు తండ్రులు వచ్చారు. ఖర్చు పెరగకుండా యాత్రను ఒక రోజు కుదించి, విశాఖ బీచిని కొట్టేశాం. బొర్రా గుహలు, అరకు ఉన్నాయి. పిల్లలు గోల చేశారు. ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రవాడు మాత్రం, "డ్రైవరు గారు మళ్లీ ఆయనేనా మాస్టారూ?" అని అడిగాడు. ఆయనేనని చెప్పాను.