ఇన్సులిన్‌కు ఆ వాసన దేనికి?

ఒక సోదరి యిలా వ్రాశారు: "మా అత్తగారికి మధుమేహం. రెండు పూటలా ఇన్సులిన్ నేనే యిస్తాను. కొత్త సీసాలోని మందు ఫినాయిలు వాసన వేస్తున్నది. పాడైపోయిందని ఆమె ఇంజక్షన్ వద్దంటున్నారు. ఏం చేయను?"

అమ్మా, ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. ఆ వాసన మందు చెడినందువల్ల వచ్చింది కాదు. చెడకుండా కలిపిన వస్తువుది. వాసన ఒక్కటే చూసి ఇంజక్షన్ మానిపించకండి.

ఒకే సీసాలో రోజూ సూది గుచ్చుతాం. దానితోపాటు సూక్ష్మజీవులు లోపలికి పోతే పెరగకుండా, ఫినాల్ గాని మెటాక్రెసాల్ గాని బహు స్వల్పంగా కలుపుతారు. ఊరగాయకు ఉప్పు వంటిదే యిది. కాని ఇన్సులిన్ మాంసకృత్తు. వేడి తగిలితే తెల్లసొన గట్టిపడినట్టు, వేడికీ, కుదుపుకూ, కొన్ని రసాయనాలకూ మాంసకృత్తులు రూపుచెడి ముద్దకడతాయి. ఆ తరువాత మందుగా పనికిరావు.

చిత్రమేమంటే, ఇన్సులిన్‌కు ఫినాల్ శత్రువు కాదు, అండ. ఇన్సులిన్ అణువులు జింకు సాయంతో ఆరేసి చొప్పున జట్టు కడతాయి. ఫినాల్ ఆ జట్టు సందుల్లో యిమిడి, దాన్ని బిగించి వుంచుతుంది. ఒంట్లోకి వెళ్ళాక ఫినాల్ తొలగిపోతుంది. జట్టు విడి, అణువులు విడివిడిగా రక్తంలో కలుస్తాయి.

అన్ని మందులకూ యీ అదృష్టం లేదు. ఇంటర్‌ఫెరాన్ గామాకు బెంజైల్ ఆల్కహాల్ కలిపితే అణువులు ముద్దకట్టడం శాస్త్రజ్ఞులు చూశారు. అందుకే ఏ మందుకు ఏది, ఎంత కలపాలో ప్రయోగాలు చేసి నిర్ణయిస్తారు. వాసన పోతుందని ఇంట్లో నీళ్ళు కలిపితే ఆ లెక్కా తప్పుతుంది, మోతాదూ తప్పుతుంది.

మరి పాడైన సీసాను పోల్చడమెలా? తేటగా వుండవలసిన మందు మసకబారినా, తెల్లగా వుండే రకంలో అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాక కూడా పలుకులు మిగిలినా పారవేయండి. మంచుగా గడ్డకట్టిన మందు తిరిగి కరిగినా వాడకూడదు. మొదట సూది గుచ్చిన తేదీ సీసామీద వ్రాయండి. చాలా రకాలకు అక్కడనుంచి గడువు 28 రోజులే. మీ రకానికి ఎంతో సీసాతో వచ్చిన కాగితంలో వుంటుంది. మందు తేటగానే వున్నా, కారణం లేకుండా చక్కెర పెరుగుతుంటే డాక్టరుగారికి చెప్పి సీసా మార్చండి.

ఇవేవీ లేకపోతే నిశ్చింతగా ఇంజక్షన్ యివ్వండి. ఆ వాసన లేకపోతేనే మనం భయపడాలి!