మన బాయి పూడ్చి, వాళ్ళ బాయికి టికెట్టు

మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండు నెలలుగా ఒకటే గోల. డిసెంబర్‌లో మెక్సికో పోవాలి, యూకటాన్‌లో సెనోటేలు చూడాలి. ఫొటోలు మీరూ చూసే ఉంటారు. అడవి మధ్యలో నేల కుంగి పెద్ద గుంత, పైనుంచి వేలాడే వేర్లు, అడుగున రాయి కూడా కనిపించేంత తేట నీళ్ళు, అందులో మాస్కు తగిలించుకుని నోట్లో గొట్టంతో బోర్లా తేలుతున్న మనుషులు. మావాడొకడు ఎక్సెల్ షీటు తయారుచేశాడు. వీసా, ఫ్లైట్లు, ఏ రోజు ఏ గుంత, స్నార్కెల్ సెట్టు ఇక్కడే కొనాలా అక్కడ అద్దెకు తీసుకోవాలా, అన్నీ ఉన్నాయి. చివరి కాలమ్: "ఈత వచ్చా?" మేం ఎనిమిది మందిమి. ఆరుగురం "రాదు" అని నింపాం.

ఆ ఆరుగురిదీ మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళే. ఆరుగురి నాయనలకూ ఈత వచ్చు. ఎవరూ ఫీజు కట్టి నేర్చుకోలేదు, బాయిలో నేర్చుకున్నారు. వీపుకు ఎండు సొరబుర్ర కట్టి, నడుముకు తాడేసి తోసేస్తే వారంలో వచ్చేసేదట. ఒక్క తరంలో ఈత పోయింది. దాని గురించి గ్రూపులో ఒక్కడూ మాట్లాడలేదు.

ట్రిప్ మానుకోండి అని చెప్పబోవడం లేదు, నేనూ అడ్వాన్సు కట్టాను. నా కోపం మన రెండు అలవాట్ల మీద. ఎక్కడో ఉన్న నీళ్ళను చూసి నోరు తెరవడం ఒకటి. మన నీళ్ళు పోయాక "మా ఊరి బావి" అని తడి కళ్ళతో వ్యాసం రాసుకోవడం రెండోది. మొదటిది ఇన్‌స్టాలో కనిపిస్తుంది, రెండోది ఇలాంటి పత్రికల్లో. రెండింటిలోనూ నీళ్ళు సీనరీయే.

అసలు సెనోటే అంటే ఏంటి? యూకటాన్ నేలంతా సున్నపురాయి. వాననీరు దాన్ని కరిగించి కింద గుహలు చేస్తుంది, ఎక్కడో పైకప్పు కూలితే ఆ గుంత సెనోటే. ఉత్తర యూకటాన్‌లో నేల మీద పారే నదులు లేవు. అందుకే మాయా ఊళ్ళకు తాగునీళ్ళు ఈ గుంతల్లోంచే వచ్చాయి. చిచెన్ ఇట్జా అనే పేరుకే "ఇట్జా వాళ్ళ బావి నోటి దగ్గర" అని అర్థం. అంటే మనం లక్షలు పోసి చూడబోయేది వాళ్ళ మంచినీళ్ళ బావిని.

సున్నపురాయి మనకూ ఉంది. నంద్యాల జిల్లా బెలుం గుహల్లోకి దిగేది బావి లాంటి గుంతలోంచే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మాత్రం గ్రానైటు. అది కరగదు, కుంగదు. ప్రకృతి ఇవ్వలేదు గనక ఇక్కడ గుంతల్ని మనుషులే తవ్వుకున్నారు. పైనున్న మెత్తబడిన రాతిపొరలో ఊరే నీటి కోసం ముప్పై నలభై అడుగులు గడ్డపారతో దిగారు, రాతికట్టు కట్టారు, మెట్లు పెట్టారు, ఎద్దులతో కపిల తోలారు. పొద్దున్నే పొయ్యి తొంగి చూస్తే ఎన్ని మెట్లు తేలాయో కనిపించేది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే బాయి ఒక డ్యాష్‌బోర్డు. ఎంత ఉంది, ఎంత తోడాం, ఎప్పుడు ఆపాలి, అన్నీ కళ్ళ ముందే.

బోరు వచ్చి ఆ డ్యాష్‌బోర్డును తీసేసింది. తిరుచెంగోడు బండ్లు ఊళ్ళోకి దిగాయి. రెండొందల అడుగులు, ఐదొందలు, వెయ్యి. గ్రానైటు పగుళ్ళలో ఎప్పటి నీళ్ళో పైకొచ్చాయి. ఎంత మిగిలిందో ఎవరికీ కనపడదు. పక్కవాడు ఇంకా లోతుకు వేస్తే మన బోరు ఎండేదాకా తెలియదు. దేశానికంతా టమాటాలు పంపే మదనపల్లె మార్కెట్ వెనకున్న నీళ్ళు చాలావరకు ఇవే. భూగర్భజలాన్ని కాపాడటానికి 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోర్లు మాత్రం కిందికే పోయాయి. ఎండిన బాయి మొదట చెత్తకుప్ప అయింది, తర్వాత మట్టి తోలారు, ఆ తర్వాత ప్లాటు. మా బాయిని పూడ్పించింది కూడా మా నాయనే. తప్పు ఆయన ఒక్కడిదే అనను. చేను నిలబెట్టుకోవడానికి ఆయన ముందు ఇంకో దారి లేదు.

ఇక్కడే మన నాస్టాల్జియా వ్యాసం మొదలవుతుంది. వేపచెట్టు నీడ, గట్టు మీంచి దుమికే పిల్లలు, గిలక చప్పుడు. ఎవరి పిల్లలు దుమికారయ్యా? పోయిన సంక్రాంతికి నాయనను అడిగాను, మన బాయిలో ఎవరెవరు ఈత కొట్టేవాళ్ళు అని. పేర్లన్నీ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. మరి ఎస్సీ కాలనీ పిల్లలు అన్నాను. కాసేపు ఆగి, "వాళ్ళు మన బాయిలో దిగేది లేదు" అన్నాడు. ఆడపిల్లలో అంటే నవ్వి ఊరుకున్నాడు. నేను అంతవరకూ మురిసిపోయిన బాయి సగం ఊరికి మూసే ఉంది.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకోవడానికి అంబేద్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. 1985లో కారంచేడు ఘోరం మొదలైంది మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవతోనే. ఈ చరిత్ర తెలిసిన భాషలో ఇప్పటికీ "మా ఊరి బావి" అని కులం ఊసు లేకుండా రాయగలుగుతున్నామంటే, అది అమాయకత్వం అనుకోను. కాబట్టి పాత బాయి తిరిగి రావాలని నేను కోరడం లేదు. అది అలాగే వస్తే నాకొద్దు.

మరి ఈ గొడవంతా ఎందుకు? బాయిలు పోయినా పిల్లలు నీళ్ళలోకి దిగడం ఆగలేదు గనక. కుప్పం చుట్టూ గ్రానైటు క్వారీలు. తవ్వి వదిలేసిన గుంతల్లో వాననీళ్ళు నిలబడతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం సెనోటేలే, నీలంగా, నిటారు గోడలతో. మెట్లుండవు, లోతు తెలియదు. టెన్త్ సెలవుల్లో మా క్లాస్‌మేట్ ఒకడు అలాంటి గుంతలోనే పోయాడు. గట్టు మీద ముగ్గురం ఉన్నాం. ఒక్కడికీ ఈత రాదు. పొలాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలు ఇంకో రకం. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా నీళ్ళలో మునిగి చనిపోతున్నారు. దానికి మన జవాబు "ఇక్కడ ఈత నిషేధం" అని ఒక బోర్డు. బడి పిల్లలకు ఈత నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. మనం బోర్డుకు రంగులేస్తూ ఉంటాం.

ఇప్పుడు నీళ్ళు వస్తున్నాయి కూడా. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు 2025 ఆగస్టులో కుప్పం దాకా చేరాయి. హారతులిచ్చారు, ఎన్ని ఎకరాలకో లెక్కలు చెప్పారు. సంతోషమే, మా నేలకు అది చిన్న విషయం కాదు. కానీ ఆ కాలువకు కాంక్రీట్ లైనింగ్ ఉంది. వాలు గోడ, నున్నటి గోడ. పడినవాడు ఎక్కి రావడం కష్టం. ఈత మరిచిపోయిన తరం ఇళ్ళ పక్కకు నిండు కాలువను తెచ్చాం. ఈ మాట ఏ ఉపన్యాసంలోనూ నాకు వినపడలేదు.

మన సాహిత్యంలోనూ వినపడలేదు. నేను చదివినంతలో సీమ కథ నీళ్ళు లేకపోవడం గురించి గొప్పగా రాసింది. రాయాల్సిందే. కానీ నీళ్ళలో ఒళ్ళు తేలే సంతోషం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న ప్రశ్నను పెద్దగా ముట్టుకున్నట్టు లేదు. ఆకలి గురించి రాసినట్టు ఆట గురించి రాయడానికి మనకు మొహమాటం.

సెనోటేల దగ్గర నిజంగా నేర్చుకోవాల్సింది ఫొటోల్లో లేదు. యూకటాన్‌లో హోమున్ అని ఒక ఊరు. చుట్టూ సెనోటేలు. అక్కడ వేల పందులతో పెద్ద ఫారం పెట్టబోతే, మురుగు తమ నీళ్ళలోకి దిగుతుందని మాయా జనం ఎదురు తిరిగారు, పిల్లల తరఫున కోర్టుకెక్కారు. 2018లో కోర్టు ఆ ఫారాన్ని ఆపించింది. అన్నిచోట్లా గెలవలేదు. టూరిస్టుల కోసం వేసిన మాయా రైలు స్తంభాలు తూలుం వైపు గుహల్లోకి దిగాయి. అయినా వాళ్ళు కొట్లాడారు. మనం మన గుంతల కోసం ఒక్క అర్జీ కూడా పెట్టలేదు.

నేను అడిగేది చిన్నది. మదనపల్లెలో ఒకటి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. ఎవడి పట్టాలోనూ లేని పాత బావి లేదా కోనేరు. పూడిక తీసి, మెట్లు బాగుచేసి, లోతు గీతలు గీసి, జీతమిచ్చి ఒక ఈత మాస్టరును పెట్టండి. బడి పిల్లలందరికీ టైమ్‌టేబుల్‌లో ఈత పీరియడ్ ఉండాలి. ఆడపిల్లలకు వాళ్ళ సమయం ఉండాలి. ఏ కాలనీ నుంచి వచ్చావని అడిగేవాడు గేటు దగ్గర ఉండకూడదు. ఇది మున్సిపాలిటీకి పెద్ద ఖర్చు కాదు. మా ఎనిమిది మంది మెక్సికో బడ్జెట్టు పక్కన పెట్టి చూసినా మొదలుపెట్టడానికి సరిపోతుంది.

నేను బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పూల్లో ఏడేళ్ళ పిల్లల పక్కన ఈత నేర్చుకుంటున్నాను. ముప్పై నాలుగేళ్ళకు నీళ్ళంటే భయం అంత తొందరగా పోదు. సంగతి చెబితే నాయన, "దానికి కూడా దుడ్లా?" అన్నాడు.

మీలో "మా ఊరి బావి" రాయబోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు ఇంట్లో మూడు ప్రశ్నలు అడగండి. ఆ బావి ఎవరిది? అందులో ఎవరిని దిగనివ్వలేదు? దాన్ని పూడ్చింది ఎవరు? జవాబులు దొరికాక రాయండి. అప్పుడు తప్పకుండా చదువుతాను.