రైల్వే యార్డులో మళ్లీ స్టేడియం.. డెన్వర్ పాత గోదాముల పేట చెబుతున్న పాఠమేంటి?

అమెరికాలోని డెన్వర్‌లో మూతపడ్డ ఓ రైల్వే యార్డు వార్తల్లోకెక్కింది. డౌన్‌టౌన్‌కు దక్షిణాన ఉన్న బర్నమ్ యార్డులోనే కొత్త స్టేడియం కట్టాలని అనుకుంటున్నట్టు ఫుట్‌బాల్ జట్టు డెన్వర్ బ్రాంకోస్ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. దీంతో పక్క వీధుల్లోని జనంలో ఒకటే ప్రశ్న.. యార్డు బాగుపడితే మేం ఇక్కడ ఉండగలమా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. అదే నగరంలో, అక్కడికి దగ్గర్లోనే ఉన్న పాత గోదాముల పేటను చూస్తే చాలు. ఒకప్పుడు పాడుబడిన ఆ పేట ఇప్పుడు డెన్వర్‌లో ఖరీదైన ప్రాంతం. అక్కడ ఏది పనిచేసింది? ఏది తప్పిపోయింది? వివరంగా చూద్దాం.

రైలు రాకపోతే ఊరే లేదు

డెన్వర్ 1858లో బంగారం వేటతో పుట్టిన ఊరు. అయితే 1869లో అమెరికా రెండు తీరాలను కలిపిన మొదటి రైలు మార్గం డెన్వర్‌ను పక్కన పెట్టేసి, ఉత్తరాన దాదాపు 160 కిలోమీటర్ల దూరంలోని షయాన్ మీదుగా వెళ్లిపోయింది. ఇక ఊరి పని అయిపోయిందనుకున్నారు చాలామంది. కానీ స్థానిక వ్యాపారులు ఊరుకోలేదు. డబ్బు కూడగట్టి షయాన్ దాకా సొంతంగా లైన్ వేయించుకున్నారు. 1870 జూన్‌లో డెన్వర్‌కు మొదటి రైలు వచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందో లెక్కలే చెబుతాయి. 1870లో డెన్వర్ జనాభా 4,759. 1880కి 35,629. 1890 నాటికి లక్ష దాటేసింది. 1881లో యూనియన్ స్టేషన్ తెరిచారు. స్టేషన్ చుట్టూ ఎర్ర ఇటుక గోదాములు వరసగా లేచాయి. కిరాణా, పనిముట్లు, గనుల సామాను.. ఏదైనా ఇక్కడే దిగి, ఇక్కడి నుంచే కొండ ఊళ్లకు వెళ్లేది. ఆ పేటే లోయర్ డౌన్‌టౌన్. స్థానికులు ముద్దుగా 'లోడో' అంటారు.

లారీ వచ్చింది.. గోదాము ఖాళీ అయింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సీన్ మారింది. సరుకు లారీల్లోకి మారింది. జనం కార్లు, విమానాలు ఎక్కారు. హైవే పక్కన ఒకే అంతస్తులో విశాలంగా కట్టిన కొత్త గోదాములు చవకగా దొరికాయి. నాలుగైదు అంతస్తుల పాత గోదాములో లిఫ్టులో సరుకు ఎక్కించి దించే పని ఎవరికి కావాలి? లోడో ఖాళీ అవుతూ వచ్చింది. చవక లాడ్జీలు, బార్లు, దిక్కులేని కూలీలు.. నగరం మాట్లాడటానికి ఇష్టపడని పేటగా మిగిలింది.

అప్పట్లో అమెరికా నగరాలకు తెలిసిన మందు ఒక్కటే.. బుల్డోజర్. 'స్కైలైన్' పేరుతో 1960ల చివర్లో డెన్వర్ మొదలుపెట్టిన ప్రాజెక్టులో డౌన్‌టౌన్‌లోని దాదాపు 30 బ్లాకులు నేలమట్టమయ్యాయి. వాటిలో చాలా స్థలాలు ఏళ్ల తరబడి కార్ల పార్కింగ్ లాట్లుగానే ఉండిపోయాయి.

ఒక వీధితో మొదలైన ఎదురీత

ఇదే సమయంలో డేనా క్రాఫర్డ్ అనే మహిళ దానికి రివర్స్‌లో వెళ్లారు. 1965లో లారిమర్ వీధిలోని ఒక బ్లాకులో పాత భవనాలను కొనడం మొదలుపెట్టారు. కూల్చలేదు. బాగు చేయించి దుకాణాలకు, రెస్టారెంట్లకు అద్దెకిచ్చారు. అదే లారిమర్ స్క్వేర్. 1971లో డెన్వర్‌లో మొదటి చారిత్రక రక్షిత ప్రాంతంగా గుర్తింపు పొందింది. పాత ఇటుక గోడ కూడా అద్దె తెస్తుందని వ్యాపారులకు మొదటిసారి లెక్కతో చూపించింది ఆ వీధే. క్రాఫర్డ్ 2025 జనవరిలో కన్నుమూశారు.

అయితే ఒక్కరి పట్టుదలతో ఒక పేట మొత్తం బతకదు. 1980ల మధ్యలో చమురు ధరలు కుప్పకూలాయి. ఆ రంగాన్ని నమ్ముకున్న డెన్వర్ దెబ్బతింది. లోడోలో అద్దెలు పడిపోయాయి. యజమానులకు గోదామును నిలబెట్టడం కంటే కూల్చేసి పార్కింగ్ లాట్ పెట్టుకోవడమే లాభంగా కనిపించింది. ఒక్కో భవనమే నేలకూలుతూ వచ్చింది.

1988.. అసలు మలుపు ఇక్కడే

అప్పటి మేయర్ ఫెడెరికో పెన్యా హయాంలో, 1988 మార్చిలో నగర కౌన్సిల్ కీలక నిర్ణయం తీసుకుంది. స్టేషన్ ముందున్న 20కి పైగా బ్లాకులను చారిత్రక జిల్లాగా ప్రకటించింది. ఇక పాత భవనాన్ని యజమాని ఇష్టం వచ్చినట్టు కూల్చడానికి లేదు. ముందు నగరం అనుమతి తీసుకోవాలి. కొత్త భవనం కట్టినా ఎత్తు, రూపం పాత వీధికి తగ్గట్టు ఉండాలి. మా ఆస్తి విలువ పడిపోతుందంటూ చాలామంది యజమానులు గట్టిగా వ్యతిరేకించారు. చివరికి జరిగింది దానికి పూర్తిగా రివర్స్.

ఎందుకంటే పక్క భవనం రేపు పార్కింగ్ లాట్ అవుతుందన్న భయం ఉంటే, ఈ భవనంలో డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఆ భయాన్ని చట్టం తీసేసింది. దానికి తోడు, గుర్తింపు ఉన్న పాత కట్టడాన్ని నిబంధనల ప్రకారం బాగు చేసి వ్యాపారానికి వాడితే, అయిన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గించే పథకం అప్పటికే ఉంది. ఒకవైపు కూల్చకుండా అడ్డుకట్ట, మరోవైపు బాగు చేస్తే ప్రోత్సాహం.. రెండూ కలిసి పనిచేశాయి.

అదే ఏడాది, స్టేషన్‌కు ఎదురుగా ఉన్న పాత హోల్‌సేల్ గోదాములో ఒక పబ్ తెరుచుకుంది. బీరు అక్కడే తయారు చేసి అమ్మేవాళ్లు. పెట్టింది ఎవరో కాదు.. చమురు సంక్షోభంలో ఉద్యోగం పోగొట్టుకున్న జియాలజిస్ట్ జాన్ హికెన్‌లూపర్, ఆయన మిత్రులు. ఆయనే తర్వాత డెన్వర్ మేయర్, కొలరాడో గవర్నర్, ఆపై సెనేటర్ అయ్యారు. దళసరి గోడలు, ఎత్తైన సీలింగ్, పెద్ద కిటికీలు.. సరుకు కోసం కట్టిన గోదాములు ఆఫీసులకు, ఇళ్లకు కూడా బాగా పనికొచ్చాయి. బండ్ల నుంచి సరుకు దించే అరుగులు రెస్టారెంట్ వరండాలయ్యాయి.

స్టేడియం తెచ్చిందా? స్టేషన్ తెచ్చిందా?

లోడో పేరెత్తగానే చాలామంది కూర్స్ ఫీల్డ్ బేస్‌బాల్ స్టేడియం గురించే చెబుతారు. 1995లో ఇది పేట అంచున తెరుచుకుంది. సీజన్‌లో ఇక్కడ 81 మ్యాచ్‌లు జరుగుతాయి. ఆ రద్దీ పేటకు కలిసొచ్చిన మాట నిజమే. కానీ తేదీలు గమనించాలి. చట్టం, పబ్ వచ్చింది 1988లో. స్టేడియం కోసం అమ్మకం పన్నుకు ఓటర్లు ఒప్పుకుంది 1990లో. అంటే పేట కోలుకోవడం మొదలయ్యాకే స్టేడియం వచ్చింది.

రెండో పెద్ద అడుగు యూనియన్ స్టేషన్. దీన్ని ప్రాంతీయ రవాణా సంస్థ ఆర్‌టీడీ 2001లో కొన్నది. 2004లో ఓటర్లు రైళ్ల విస్తరణ కోసం 0.4 శాతం అదనపు అమ్మకం పన్నుకు సరే అన్నారు. దాదాపు 50 కోట్ల డాలర్ల ప్రాజెక్టులో కొత్త ప్లాట్‌ఫాంలు, భూగర్భ బస్ స్టేషన్ కట్టారు. పాత స్టేషన్ భవనం 2014 జులైలో హోటల్‌తో సహా మళ్లీ తెరుచుకుంది. 112 గదుల ఆ హోటల్‌కు క్రాఫర్డ్ పేరే పెట్టారు. 2016 నుంచి ఎయిర్‌పోర్టుకు నేరుగా ఎలక్ట్రిక్ రైలు నడుస్తోంది. డెన్వర్‌లో దిగే తెలుగు విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు 37 నిమిషాల్లో ఈ స్టేషన్‌కు చేరుకుంటున్నారు.

మరి అప్పు ఎలా తీర్చారు? ఇక్కడే అసలు కిటుకు. అభివృద్ధి వల్ల చుట్టుపక్కల భూముల విలువ పెరుగుతుంది. పన్ను కూడా పెరుగుతుంది. ఆ పెరిగిన పన్నును పక్కన పెట్టి స్టేషన్ అప్పు తీర్చడానికి వాడారు. స్టేషన్ వెనక పాత పట్టాల జాగాలో టవర్లు లేవడంతో పన్నులు దండిగా వచ్చాయి. ప్రాజెక్టు కోసం తీసుకున్న ఫెడరల్ అప్పులు గడువుకు ఎంతో ముందే, 2017లో తీరిపోయాయి.

కట్టడాలకు రక్షణ.. మనుషులకు?

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ ఈ కథకు రెండో వైపు కూడా ఉంది.

ఈ పేటలోనే ఒకప్పుడు చైనీయుల వాడ ఉండేది. 1880 అక్టోబరు 31న వేలమంది అల్లరిమూక ఆ వాడ మీద పడి ఇళ్లు, లాండ్రీలు ధ్వంసం చేసింది. ఒకరిని చంపేసింది. కాలక్రమంలో వాడ ఆనవాలే లేకుండా పోయింది. దీనికి డెన్వర్ నగరం అధికారికంగా క్షమాపణ చెప్పింది 2022లో.

పక్కనే ఉన్న అరారియాది మరో బాధ. ఎక్కువగా లాటినో కుటుంబాలు ఉండే ఆ పేటను 1970ల మొదట్లో కాలేజీ క్యాంపస్ కోసం ఖాళీ చేయించారు. 300కు పైగా కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఇప్పుడు వాళ్ల వారసులకు ఆ క్యాంపస్‌లో ఉచితంగా చదువు చెబుతున్నారు. ఇల్లు మాత్రం తిరిగి రాదు.

లోడో విషయానికొస్తే 1988 చట్టం ఇటుకను కాపాడింది. కానీ అద్దెకున్న మనిషిని కాపాడలేదు. చవక లాడ్జీల్లో బతికిన కూలీలకు ఆ చట్టంలో చోటే లేదు. పేట బాగుపడేకొద్దీ వాళ్లు ఉండగలిగే గది దొరకడం కష్టమైంది. ఇల్లు లేని జనం మాయం కాలేదు. 2021 చివర్లో యూనియన్ స్టేషన్‌లో డ్రగ్స్, భద్రత సమస్యలపై ఆర్‌టీడీ ఉద్యోగుల సంఘమే బహిరంగంగా ఆందోళన చెప్పాల్సి వచ్చింది. కోట్ల డాలర్ల స్టేషన్‌లోనే పాత సమస్య మళ్లీ ప్రత్యక్షమైంది.

కోవిడ్ తర్వాత ఆఫీసులు ఖాళీ కావడంతో డౌన్‌టౌన్ మరో దెబ్బ తిన్నది. 2024 నవంబరులో ఓటర్లు, స్టేషన్ కోసం వాడిన అదే పన్ను పద్ధతిని డౌన్‌టౌన్ అంతటికీ విస్తరించడానికి ఒప్పుకున్నారు. మొత్తం 57 కోట్ల డాలర్లు. ఈ డబ్బులో ఎంత మామూలు జనం అద్దె కట్టగలిగే ఇళ్లకు వెళ్తుందన్నదే చూడాలి.

బర్నమ్ యార్డు ముందున్న పరీక్ష

ఇప్పుడు మళ్లీ మొదటికి వద్దాం. బర్నమ్ యార్డు 1871 నుంచి రైలింజన్లు, బోగీలు బాగు చేసిన చోటు. 2016లో మూతపడింది. 2021లో రాష్ట్ర రవాణా శాఖ 5 కోట్ల డాలర్లకు కొన్నది. 58 ఎకరాలు. స్టేడియం సొంత డబ్బుతో కడతామని జట్టు యాజమాన్యం చెబుతోంది. ఇప్పటి స్టేడియం లీజు 2030తో ముగుస్తుంది.

యార్డును ఆనుకుని ఉన్నది లా అల్మా లింకన్ పార్క్. రైల్వే కార్మికులు కట్టుకున్న చిన్న చిన్న ఇళ్ల పేట. మెక్సికన్ మూలాలున్న అమెరికన్ల హక్కుల ఉద్యమానికి డెన్వర్‌లో పెట్టని కోట. 2021లో నగరం దీన్ని చారిత్రక సాంస్కృతిక జిల్లాగా గుర్తించింది. అంటే లోడోలాగే ఇక్కడా ఇళ్ల ముఖానికి రక్షణ ఉంది. లోపలి మనిషికి?

దారులు లేకపోలేదు. డౌన్‌టౌన్‌లోనే బాల్ అరీనా చుట్టూ ఉన్న పార్కింగ్ జాగాలో వేల ఇళ్ల ప్రాజెక్టుకు 2024లో కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. ఇళ్లలో 18 శాతం తక్కువ ఆదాయం వాళ్లకు ఇవ్వాలన్న షరతుతో, స్థానికులతో లిఖితపూర్వక ఒప్పందం కూడా కుదిరాకే. ఒప్పందం శంకుస్థాపనకు ముందే కుదరాలి. భూమి ధర పెరిగాక అడిగితే వినేవాళ్లు ఉండరు.

మనకూ ఉంది ఈ ప్రశ్న

1874లో మొదలైన సికింద్రాబాద్ స్టేషన్‌లో పాత ముఖద్వారం భవనాన్ని 2025లో కూల్చేశారు. కొత్త స్టేషన్ పనులు జరుగుతున్నాయి. ప్రయాణికులకు సౌకర్యం అవసరమే, కాదనలేం. కానీ స్టేషన్ మారితే చుట్టూ ఉన్న మోండా మార్కెట్, రాణిగంజ్ లాంటి వ్యాపార వీధుల్లో అద్దెలు కూడా మారతాయి. అక్కడి చిన్న వ్యాపారి, హమాలీ సంగతేంటి? ఈ చర్చ కొత్త బిల్డింగ్ తెరిచాక కాదు, ఇప్పుడే జరగాలి.

పాత పేటను బతికించడానికి ఏం కావాలో డెన్వర్‌కు తెలుసు. కూల్చకుండా ఆపే చట్టం, రైలు, ఓటర్లు ఒప్పుకున్న పన్ను. ఈ మూడూ లోడోలో పనిచేశాయి. నాలుగోది, అక్కడి జనం అక్కడే ఉండేలా రాతపూర్వక హామీ.. అది మాత్రం లోడోకు దక్కలేదు. బర్నమ్ యార్డుకు దక్కుతుందా లేదా అన్నది స్టేడియం పూర్తయ్యాక కాదు, ఇప్పుడు జరిగే చర్చల్లోనే తేలిపోతుంది.