వీపుచాటు విజయం

నెల్లూరు నుండి మైపాడు తీరానికి మధ్యాహ్నవేళ సైకిలుపై బయలుదేరే విద్యార్థులకు సముద్రపుగాలి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. దారిలో ఎత్తుపల్లాలు లేవు. ఐనా ఎదురుగాలికి తొక్కుడు బరువెక్కుతుంది. అప్పుడొకడు ముందు సాగుతాడు, తక్కినవారు అతని వీపుచాటున చేరుతారు. అట్లా చేరినవారికి శ్రమలో ఇంచుమించు మూడవవంతు తగ్గుతుంది.

ఈ వీపుచాటు విద్యను ఆధారం చేసుకొని ఒక సామ్రాజ్యాన్నే నిర్మించుకున్నవాడు బెల్జియం దేశీయుడు రిక్ వాన్ లోయ్. 1933లో జన్మించి 2024 డిసెంబరులో కీర్తిశేషుడైన యీ వీరుడు ఒక్కరోజు పందేలకు చక్రవర్తి. ఉదయం మొదలై సాయంత్రానికి తేలిపోయే పందేలవి. దూరం మాత్రం సుమారు 250 కిలోమీటర్లు. 1958లో మిలాన్-సాన్ రెమో, 1959లో ఫ్లాండర్స్, లొంబార్డీ, 1961లో పారిస్-రూబే, లియేజ్ - యీ ఐదు మహాపందేలనూ గెలిచిన ప్రథముడతడు. 1960, 1961లలో ప్రపంచవిజేత. మూడువారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ మాత్రం దక్కలేదు. దానిని లోపంగా ఎంచడం, శతకకర్త ప్రబంధం వ్రాయలేదని నిందించడం వంటిది.

ఐతే ఆ విజయాల పట్టికలో కనిపించని పేర్లెన్నో ఉన్నాయి. ఫేమా జట్టులో ఎర్రచొక్కాలు తొడిగిన అతని సహచరులను జనం 'ఎర్రదళం' అన్నారు. పందెం ముగింపులో వారు బారుతీరి ముందుకు వచ్చి, ఒకరి తరువాత ఒకరు గాలిని చీల్చి, సత్తువ ఉడిగినంతనే పక్కకు తొలగేవారు. గమ్యం కనుచూపు మేరకు రాగానే వాన్ లోయ్ చాటునుండి వెలికి దూకేవాడు. తీరంలో అలివి వల లాగేవేళ తాటివెంట ఎన్ని చేతులుంటాయో చూచినవారికి యీ పద్ధతి వింత కాదు. కాని అక్కడ పడిన చేపను పంచుకుంటారు; ఇక్కడ పేరును పంచుకొనే వీలు లేదు.

ఆ చిక్కు 1963లో బయటపడింది. ప్రపంచ పోటీ స్వదేశంలోనే, రోన్సే పట్టణంలో జరిగింది. బెల్జియం జట్టు యావత్తూ వాన్ లోయ్ కోసమే శ్రమించాలన్నది ఒప్పందం. గమ్యం ఇంకా దూరాన ఉండగానే అతడు తొందరపడి విజృంభించాడు. చివరి గజాలలో వేగం సన్నగిల్లింది. స్వజట్టువాడే ఐన ఇరవైరెండేండ్ల బెనోని బెహేట్ అతనిని దాటిపోయాడు. దేశంలో ద్రోహమనే కేక పుట్టింది.

ఆ మాట అన్యాయం. సంవత్సరమంతా వేర్వేరు కంపెనీల జీతంపై పరస్పరం పోటీపడేవారికి ఒక్కనాటి దేశపు చొక్కా ఎంత విధేయతను నేర్పగలదు? ఒప్పందానికి విలువ లేదనడం కాదు; అలసి వెనుకబడుతున్న నాయకుని కోసం యువకుడు తన కాళ్ళను బిగబట్టుకోవాలని ఏ ఒప్పందమూ శాసించజాలదు. చక్రవర్తి అప్పుగా తెచ్చుకున్న బలాన్ని సొంతమనుకున్నాడు కాబోలు.

వాన్ లోయ్ 1965లో రూబేను మూడవసారి గెలిచాడు. బెహేట్ ముప్పై నిండకుండానే, 1968లో, పందేలు విడిచాడు. క్రీడాచరిత్ర బోధించే ఉపాధ్యాయులు ఐదు విజయాల పట్టికతోబాటు రోన్సే ఛాయాచిత్రాన్ని కూడా పిల్లల ముందుంచాలి. అందులో బెహేట్ చేయి వాన్ లోయ్ మీద ఉంది. అది లాగిందా, నెట్టిందా, పడిపోకుండా ఆపుకున్నదా అని తరగతి తరగతంతా వాదించుకోవచ్చు.